జ్ఞానతల్లి సాక్ష్యం

మిరప చేలకు పేరుపడ్డ ఎర్రవాగుపాలెంలో శౌరమ్మ అనే ఆవిడ ఉండేది. పదిమందిలో ముందు నిలబడటమంటే ఆవిడకు ఎంత ఇష్టమో, నిలబడ్డాక చెయ్యవలసిన పనంటే అంత బద్ధకం.

ఆ ఊళ్ళో ఎవరికి జ్ఞానస్నానం జరిగినా జ్ఞానతల్లి స్థానంలో శౌరమ్మే ఉండేది. పసిబిడ్డను తెల్లబట్టలో చుట్టి ఎత్తుకుని, వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని పీఠం ముందు నిలబడేది. ఆ రోజు తప్పకుండా జరీచీర కట్టేది. ఫోటోల్లో కన్నతల్లి కంటే ముందు ఆవిడే కనిపించేది. "ఊళ్ళో సగంమంది నా బిడ్డలే" అని చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకునేది. ఆ సగంమందిలో ఎవరు ఏం చదువుతున్నారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో అడిగితే మాత్రం భర్త మర్రెడ్డి వంక చూసేది. ఆయన మీసాల్లో నవ్వుకుని ఊరుకునేవాడు.

అదే ఊళ్ళో తిరపతమ్మ అనే కూలిమనిషి ఉండేది. కాయలు కోయడానికి ఎక్కడినుంచో భర్తతో కలిసి వచ్చి, ఇక్కడే గుడిసె వేసుకుంది. భర్త లారీ మీద తిరిగేవాడు. ఒక ఏడాది ఆమె చంటిబిడ్డ జ్వరం తగిలి చనిపోయాడు. భర్త ఊళ్ళో లేడు. ఆమెకు దిక్కుతోచలేదు. అప్పుడు చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు కొందరు వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆ రోజంతా ఆమె పక్కన కూర్చున్నారు. వాళ్ళలో, ఫాదర్ గారి తరఫున ఊళ్ళో బోధన చేసే ఉపదేశిగారి భార్య ఇన్నమ్మ కూడా ఉంది. శౌరమ్మ మాత్రం లేదు.

అప్పటినుంచి తిరపతమ్మ ప్రతి ఆదివారం చర్చికి వచ్చి తలుపు దగ్గర చాప మీద కూర్చునేది. జ్ఞానస్నానం అయినవాళ్ళకు మాత్రమే ఇచ్చే దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి అందరూ లేచి ముందుకు వెళ్ళినప్పుడు ఆ చాప మీద ఆమె ఒక్కతే మిగిలేది. "నేనూ వాళ్ళతో వెళ్తాను. నాకూ జ్ఞానస్నానం ఇప్పించండి" అని ఒకనాడు ఫాదర్ చిన్నప్పగారిని అడిగింది. భర్త కూడా "నీ ఇష్టం" అన్నాడు.

పెద్దవయసులో వచ్చేవాళ్ళకు క్రీస్తు తిరిగి లేచిన పాస్కా పండుగనాడు జ్ఞానస్నానం, నుదుట తైలం పూసే భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం మూడూ ఒకే పూజలో ఇస్తారు. దానికి ముందు నెలల తరబడి తయారు కావాలి. ఆదివారం పూజ అయ్యాక ఉపదేశిగారు బోధన చేసేవారు. జపాలు నేర్పించి, కూడా కూర్చుని ప్రార్థన చేయించే బాధ్యత మాత్రం జ్ఞానతల్లిది. తిరపతమ్మకు చదువు రాదు కాబట్టి ఒకరు నోటితో చెబితే తప్ప ఆమె నేర్చుకోలేదు.

"ఈమెకు జ్ఞానతల్లిగా ఎవరు ఉంటారు?" అని ఫాదర్ గారు అడిగారు. ఇన్నమ్మ లేవబోయింది. అప్పటికే శౌరమ్మ లేచి నిలబడి ఉంది.

"జ్ఞానతల్లంటే అమ్మే గదా. రోజూ సాయంత్రం మా ఇంటికి రా" అంది తిరపతమ్మతో. "అన్నీ నేను చూసుకుంటా."

తిరపతమ్మ పొలం పని ముగించుకుని, కాళ్ళు కడుక్కుని, తలకు కాస్త నూనె రాసుకుని రోజూ వచ్చేది. మొదటి రోజు శౌరమ్మ ఆమెకు సిలువ గుర్తు వేయడం నేర్పింది. మనం ఏం నమ్ముతున్నామో చెప్పే విశ్వాస సంగ్రహంలో మొదటి మాట కూడా చెప్పించింది. ఇంతలో పక్కింటావిడ పిలిచింది. శౌరమ్మ లేస్తూ, వాకిట్లో పోసి ఉన్న మిరపకాయల రాశి చూపించింది.

"నేను వచ్చేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకు? కాస్త తొడిమలు తియ్యి" అంది.

ఆవిడ తిరిగి వచ్చేసరికి పొద్దుపోయింది. బుట్ట నిండింది. "మిగతాది రేపు చెప్పుకుందాంలే" అంది శౌరమ్మ.

మర్నాడు మళ్ళీ మొదటి మాటే. ఆ తర్వాత మళ్ళీ కాయలే. ఒకరోజు టీవీలో సీరియల్, ఒకరోజు ఫోనులో చెల్లెలు, ఒకరోజు తలనొప్పి. రాశి తరుగుతూ వచ్చింది. కూలివాళ్ళను పెట్టాల్సిన పని లేకుండానే తొడిమలు తీసిన కాయలు బస్తాలకు ఎక్కాయి. మర్రెడ్డి ఒకసారి, "ఆ అమ్మాయి జపానికి వస్తుందా, పనికి వస్తుందా?" అని అడిగాడు. "పని చేస్తూ జపం చెప్పుకుంటే పుణ్యం" అని శౌరమ్మ ఆయన నోరు మూయించింది. అన్నాక ఆవిడకు లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. సీరియల్ మొదలవగానే ఆ సంగతి మరిచిపోయింది.

ఇక తిరపతమ్మకు ఏ అనుమానమూ రాలేదు. జ్ఞానస్నానానికి ముందు జ్ఞానతల్లి ఇంట్లో సేవ చేయడం కూడా ఒక నియమమే అనుకుంది. పాస్కాకు ముందు నలభై రోజుల తపస్సుకాలంలో అందరూ ఏదో ఒక కష్టం కోరి తెచ్చుకుంటారు గదా, నాకు దేవుడు పెట్టింది ఇదే కాబోలు అని, మండే వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని మర్నాడు మళ్ళీ వచ్చేది.

ఆ విచారణలో, అంటే ఫాదర్ గారు చూసుకునే ఊళ్ళన్నిట్లో, ఒక పద్ధతి ఉంది. పాస్కాకు వారం ముందు ఈతమట్టలతో జరిపే మ్రానికొమ్మల ఆదివారం వస్తుంది. దానికి ముందు ఆదివారం, జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్నవాళ్ళను పీఠం ముందుకు పిలుస్తారు. ముందుగా జ్ఞానతల్లినో జ్ఞానతండ్రినో సాక్ష్యం అడుగుతారు. తర్వాత ఆ మనిషి విశ్వాస సంగ్రహం అందరి ముందూ అప్పజెప్పాలి.

శౌరమ్మ జరీచీర కట్టుకుని వచ్చి తిరపతమ్మ భుజం మీద చెయ్యివేసి నిలబడింది.

"శౌరమ్మా, ఈమె దేవుని వాక్యం విన్నదా? నువ్వు ఈమెతో కూర్చుని ప్రార్థన చేశావా?" అని అడిగారు ఫాదర్ గారు.

"చేశాను ఫాదర్ గారూ. రోజూ చేశాను. నేనే సాక్షిని" అంది శౌరమ్మ, వెనక వరసలకు కూడా వినపడేలా.

తిరపతమ్మ చేతులు జోడించి మొదలుపెట్టింది. మొదటి మాట గంటలా పలికింది. రోజూ చెప్పుకున్న మాట మరి. రెండో మాట సగంలో ఆగింది. ఫాదర్ గారు ఎదురుచూశారు. ఆమె పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పి, మళ్ళీ అక్కడే ఆగిపోయింది. చర్చిలో ఎవరో దగ్గారు.

శౌరమ్మ చెయ్యి ఇంకా ఆ భుజం మీదే ఉంది. ఆ భుజం వణకడం ఆవిడకు తెలుస్తూనే ఉంది. తప్పు నాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఊరంతా ఉంది.

ఈలోగా తిరపతమ్మే మాట్లాడింది. "నాది మట్టిబుర్రండీ. అమ్మ రోజూ చెప్పింది. నాకే తలకెక్కలా. అమ్మ తప్పేం లేదండీ" అంది.

శౌరమ్మ భుజం మీదనుంచి చెయ్యి తీసి చీర చెంగు సర్దుకుంది.

ఫాదర్ గారు తిరపతమ్మ వైపు తిరిగారు. "తొందరపడి ఇవ్వడం మంచిది కాదమ్మా. ఇంకో ఏడు నేర్చుకో. వచ్చే పాస్కాకు ఇద్దాం" అన్నారు మెల్లగా. తిరపతమ్మ తలవంచి వెళ్ళి తన చాప మీద కూర్చుంది. ఆ రోజు కూడా అందరూ సత్ప్రసాదానికి వెళ్ళారు. ఆమె ఒక్కతే మిగిలింది.

పూజ అయ్యాక ఆడవాళ్ళు శౌరమ్మ చుట్టూ చేరారు. "పాపం, నువ్వెంత ఓపిక పట్టావో" అంది ఒకావిడ. "నెలల తరబడి చెప్పినా రాకపోతే నువ్వేం చేస్తావులే" అంది ఇంకొకావిడ. శౌరమ్మ నిట్టూర్చి, "ఏం చేస్తాం, అందరికీ ఒకేలా ఎక్కదు గదా" అంది. అన్న మరుక్షణం ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

మర్నాడు సాయంత్రం శౌరమ్మ వాకిలి తలుపు తీసేసరికి తిరపతమ్మ వచ్చి ఉంది. కాళ్ళు కడుక్కుని, నూనె రాసుకుని, ఎప్పటిలాగే మిరపకాయల దగ్గర కూర్చుని తొడిమలు తీస్తోంది.

"నిన్న నీ పరువు తీశానమ్మా" అంది తల ఎత్తకుండా. "ఇంకో ఏడాది వస్తా. ఇసుక్కోకుండా చెప్పమ్మా. ఈసారి గట్టిగా పట్టుకుంటా."

ఆమె వేళ్ళ చివర్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. అన్ని నెలలుగా ఆ చేతులు తన వాకిట్లోనే ఉన్నా శౌరమ్మ ఒక్కసారి కూడా వాటి వంక చూడలేదు. ఇప్పుడు చూశాక ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఇవాళ నాకు ఒంట్లో బాగాలేదు, ఇంటికి వెళ్ళు" అని మాత్రం అనగలిగింది. తిరపతమ్మ కంగారుపడింది. "పడుకోమ్మా, నేను పొయ్యి రాజేసి కాఫీ పెట్టి పోతాలే" అంటూ లేచింది.

శుక్రవారం సిలువమార్గం ప్రార్థన జరిపించడానికి ఫాదర్ గారు ఊరికి వచ్చారు. అది అయ్యాక, ఒక్కొక్కరు వచ్చి చెప్పుకునే పాపాలు వినే పాపసంకీర్తనానికి తెర వెనక కూర్చున్నారు. శౌరమ్మ వరసలో అందరికంటే చివర నిలబడింది. తన వంతు రాగానే తెరకు ఇవతల మోకరించి అంతా చెప్పేసింది. సాక్ష్యం అబద్ధమని, జపం చెప్పనే లేదని, పని చేయించుకున్నానని, నలుగురూ జాలిపడితే ఆ జాలి కూడా తీసుకున్నానని చెప్పి ఏడ్చింది. చివర్లో, "మీరే ఎలాగోలా తిరపతమ్మను మళ్ళీ పిలవండి ఫాదర్ గారూ. కారణం ఎవరికీ చెప్పొద్దు" అంది.

ఆవిడ ఆశ అదే. తెర వెనక చెప్పింది తెర వెనకే ఉంటుంది, పని జరిగిపోతుంది, పరువూ నిలుస్తుంది.

ఫాదర్ గారు నిదానంగా అన్నారు. "నువ్విక్కడ చెప్పింది నేను బయట ఎవరికీ చెప్పను. అంతేకాదు, ఇక్కడ విన్నదాన్ని పట్టుకుని బయట ఒక్క పని కూడా చెయ్యలేను. ఆ అమ్మాయిని మళ్ళీ పిలవలేను. ఈ తెర దాటి వెళ్ళాక ఈ సంగతి నాకు తెలియనట్టే."

"మరి ఆమె గతి?"

"నీ పాపాన్ని దేవుడు మన్నిస్తాడు. ఆమెకు నువ్వు చేసిన నష్టం నువ్వే సరిచెయ్యాలి. అబద్ధం ఎక్కడ చెప్పావో నీకు తెలుసు గదా."

శౌరమ్మ లేచి, తెర దాటి బయటికి నడిచింది.

మ్రానికొమ్మల ఆదివారం వచ్చింది. ఊరంతా ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ చర్చిలోకి వచ్చింది. పూజ చివర్లో ఫాదర్ గారు దీవెన ఇవ్వబోతుండగా శౌరమ్మ లేచి ముందుకు నడిచింది. జనం వైపు తిరిగి నిలబడింది. పదిమంది ముందు నిలబడటం అంత కష్టమని ఆవిడకు అంతకుముందు తెలియదు.

"పోయిన ఆదివారం నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం" అంది. గొంతు మొదటి వరసకే సరిగా వినపడలేదు. ఇంకోసారి చెప్పింది. "నేను తిరపతమ్మకు జపాలు నేర్పలేదు. రోజూ మొదటి మాట చెప్పి లేచిపోయేదాన్ని. ఆమెతో మా మిరపకాయలకు తొడిమలు తీయించుకున్నాను. ఆమెది మట్టిబుర్ర కాదు. తప్పంతా నాది."

వెనకనుంచి తిరపతమ్మ లేచింది. "లేదండీ ఫాదర్ గారూ, అమ్మ చెప్పింది. ఒంట్లో బాగాలేక ఏదో అంటంది" అంది ఆదుర్దాగా.

"లేదు తిరపతమ్మా" అంది శౌరమ్మ.

ఈసారి ఎవరూ ఆవిడ మీద జాలిపడలేదు. క్రిందటి వారం నువ్వెంత ఓపిక పట్టావో అన్నావిడ ముఖం పక్కకు తిప్పుకుంది. మర్రెడ్డి చేతిలోని ఈతమట్ట వంక చూస్తూ కూర్చున్నాడు. అంతమందిలో ఒక్క ముఖం కూడా శౌరమ్మకు ఆసరా ఇవ్వలేదు. అడగడానికి ఆవిడకు మనసూ రాలేదు.

ఫాదర్ గారు తిరపతమ్మను పిలిచారు. "నీది కాని తప్పుకు నిన్ను వెనక్కి పంపాను. నన్ను క్షమించమ్మా. పండుగకు వారం ఉంది. శనివారం పొద్దున వచ్చి వింటాను. నేర్చుకుంటావా?"

"నేర్చుకుంటానండీ. అమ్మే చెప్పాలి, అమ్మే నా పక్కన నిలబడాలి" అంది తిరపతమ్మ.

ఫాదర్ గారు తల అడ్డంగా ఊపారు. "చెప్పడం ఆమె బాధ్యత, చెప్తుంది. నిలబడటం మాత్రం కుదరదు. అబద్ధపు సాక్ష్యం చెప్పిన మనిషిని మళ్ళీ సాక్ష్యం అడగలేను." జ్ఞానతల్లిగా ఇన్నమ్మ ఉంటుందని అక్కడే నిర్ణయమైంది.

ఆ వారమంతా సాయంత్రాలు శౌరమ్మ టీవీ పెట్టలేదు, ఫోను ముట్టలేదు. పక్కింటివాళ్ళు పిలవనూ లేదు. వసారాలో చాప పరిచి తిరపతమ్మ ఎదురుగా కూర్చుంది. తిరపతమ్మకు ఒకసారి చెబితే చాలు, రెండోసారి తప్పు లేకుండా అప్పజెప్పేది. ఆమె అంత త్వరగా నేర్చుకుంటుంటే శౌరమ్మ తల ఇంకా దిగిపోయేది.

మంగళవారం నాడు శౌరమ్మ ఒక కవరు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఇన్నాళ్ళూ తీసిన తొడిమల కూలి" అంది.

తిరపతమ్మ ఆ కవరు వంక చూసింది. అందరి ముందూ సంగతి బయటపడిన రోజు కూడా ఆమె ముఖం అలా మారలేదు.

"అయితే నేను కూలికి వచ్చానా అమ్మా?" అంది. "నాకు తల్లి లేదు గదా. జ్ఞానతల్లంటే అమ్మేనన్నావు. అమ్మ ఇంట్లో పని చేస్తన్నా అనుకున్నా."

శౌరమ్మకు ఊరి ముందు నిలబడ్డప్పుడు కలిగిన సిగ్గు దీని ముందు ఏపాటిదీ కాదనిపించింది. ఊరు తన పరువు తీసుకుంది, అంతే. ఈ పిల్ల తనను తల్లి అనుకుంది. తాను ఆమెను జీతం లేని పనిమనిషి అనుకుంది.

"తీసుకో" అంది, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "ఇది నా దగ్గర ఉంటే నేను దొంగనే. నా కోసం తీసుకో." తిరపతమ్మ కవరు తీసుకుని పక్కన పెట్టింది. ఆ సాయంత్రం కూడా ఇద్దరూ జపం ఆపలేదు.

మర్నాడు ఒక మాట దగ్గర తిరపతమ్మ ఆగింది. చనిపోయిన క్రీస్తు మృతుల లోకానికి దిగాడని చెప్పే మాట అది.

"ఆయన కిందకెందుకు దిగాడమ్మా? నేరుగా పైకి పోవచ్చుగా?"

శౌరమ్మ ఆ మాటను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ గడగడా అప్పజెబుతోంది. దాని అర్థం ఏమిటని ఒక్కనాడూ అనుకోలేదు. పోయిన నెలలో అయితే ఏదో ఒకటి కల్పించి చెప్పేది. "నాకు తెలియదు. వెళ్ళి అడుగుదాం పద" అంది.

ఇద్దరూ వీధి వెంట నడిచి ఉపదేశిగారి ఇంటికి వెళ్ళారు. ఆయన పొలం వెళ్ళారు. ఇన్నమ్మ బియ్యం చెరుగుతోంది. ప్రశ్న విని చాట పక్కన పెట్టింది.

"చనిపోయినవాళ్ళు అక్కడ ఎదురుచూస్తూ ఉన్నారు గదమ్మా. వాళ్ళను వదిలేసి తానొక్కడూ పైకి పోవడం ఇష్టం లేక, వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళను వెంటబెట్టుకుని పోవడానికి" అంది.

"నా బిడ్డనూ ఆయన వదిలిపెట్టడా?" అని అడిగింది తిరపతమ్మ.

"వదిలిపెట్టడమ్మా."

తిరపతమ్మ ముఖం చెంగులో దాచుకుంది. ఇన్నమ్మ ఆమె పక్కన కూర్చుంది. శౌరమ్మ ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత తానూ రెండోవైపు వెళ్ళి కూర్చుంది. బిడ్డ పోయిననాడు రావలసిన మనిషి ఇన్నాళ్ళకు వచ్చింది.

శనివారం పొద్దున ఫాదర్ గారు వచ్చి విన్నారు. తిరపతమ్మ ఎక్కడా తడబడలేదు.

పాస్కా పండుగ ఉదయం చర్చి కిక్కిరిసింది. శౌరమ్మ నూలుచీర కట్టుకుని ఆడవాళ్ళ మధ్యలో ఒక చోట కూర్చుంది. పీఠం ముందు తిరపతమ్మ పక్కన ఇన్నమ్మ కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది. ఫాదర్ గారు సాక్ష్యం అడిగారు. "సిద్ధంగా ఉంది. మా అందరికంటే బాగా సిద్ధంగా ఉంది" అంది ఇన్నమ్మ. తిరపతమ్మ విశ్వాస సంగ్రహం మొదటినుంచి చివరిదాకా చెప్పింది. మృతుల దగ్గరికి దిగిన మాట వచ్చినప్పుడు ఆమె ఒక్కో మాటా నిదానంగా పలికింది. శౌరమ్మ పెదవులు కూడా ఆమెతో పాటు కదిలాయి. తల మీద నీళ్ళు పడ్డాయి. నుదుటి మీద పరిమళ తైలం పూశారు. తర్వాత అందరూ సత్ప్రసాదానికి లేచారు. ఆ రోజు వరసలో అందరికంటే ముందు నడిచింది తిరపతమ్మ. తలుపు దగ్గరి చాప మీద ఎవరూ మిగలలేదు.

శౌరమ్మకు సంతోషం కలిగింది. ఆ సంతోషం పక్కనే సిగ్గు కూడా ఉంది. ఆ భుజం మీద చెయ్యి వేసి నిలబడే అవకాశం దేవుడు తన చేతికి ఇస్తే, దాన్ని తొడిమలతో పాటు పారేసుకున్నానని ఆవిడకు తెలుసు.

పూజ అయ్యాక తెల్లచీరలో ఉన్న తిరపతమ్మ అందరినీ దాటుకుని ఆవిడ దగ్గరికి వచ్చింది. "రేపు సాయంత్రం రానా అమ్మా?"

"జపాలన్నీ వచ్చేశాయిగా" అంది శౌరమ్మ, నేల చూస్తూ.

"వాకిట్లో ఇంకా కాయలున్నాయిగా."

శౌరమ్మ తల ఎత్తింది. "కాయల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఊరికే రా. కూర్చుందాం."

పదిమంది చూస్తుండగా ఒకరి పక్కన నిలబడటం గౌరవమే. కానీ ఎవరూ చూడనప్పుడు వాళ్ళ పక్కన కూర్చోకుండా ఆ గౌరవం తీసుకుంటే, అది వాళ్ళ దగ్గర దొంగిలించినట్టే.